విటమిన్ మాత్రలకు ముందు క్రియాటినిన్ పరీక్ష
శ్రీకాకుళం జిల్లాలో వ్యాయామ శిక్షణ ఇచ్చేవారు, ముఖ్యంగా మూత్రపిండాల వ్యాధి ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి, అంటే కవిటి, సోంపేట వైపు నుంచి వచ్చేవారితో విటమిన్ మాత్రల గురించి గానీ ప్రొటీన్ పొడి గురించి గానీ మాట్లాడే ముందు, సీరం క్రియాటినిన్ పరీక్ష (మూత్రపిండాల పనితీరును తెలిపే రక్తపరీక్ష) చేయించుకుని వైద్యుణ్ణి కలవమని చెప్పాలి. ఆ వ్యాధి తొలిదశలో లక్షణాలేవీ కనిపించకపోవచ్చు. కండబలం కోసం తీసుకునే క్రియాటిన్ వాడుతున్నవారు ఆ సంగతి వైద్యునికి ముందే తెలపాలి, ఎందుకంటే దానివల్ల పరీక్షలో అంకె పెరిగి కనిపించవచ్చు. విటమిన్ డి విషయంలో నాకు మరింత ఆందోళన ఉంది: సాధారణంగా వారానికి ఒకటి చొప్పున రాసే 60,000 యూనిట్ల మాత్రను పొరపాటున చాలాకాలం రోజూ వేసుకుంటే, అది శరీరంలో నిల్వ ఉండి, రక్తంలో కాల్షియాన్ని పెంచి, మూత్రపిండాలనే దెబ్బతీయగలదు. డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు సంఖ్యను, ఒక్కో మోతాదులో ఏది ఎంత ఉందో తెలిపే పట్టికను కొనేముందు వారిచేతనే చదివించండి.