ఫ్లై యాష్ నుంచి కార్బన్ తీయడం: ముందు నురగ, తర్వాతే రసాయనాలు

ఫ్లై యాష్‌లో (బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగతో వచ్చే సన్నని బూడిద) మండకుండా మిగిలిన కార్బన్ కోసం నేరుగా ఆసిడ్ పోయకండి. బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినాలే. వాటన్నిటినీ కరిగించాలంటే రసాయనాలు వృథా. నురగతో కార్బన్‌ను వేరుచేశాక, దానికి అంటిన బూడిదను మాత్రమే కరిగించాలి.

ముందు కార్బన్ ఎంతుందో చూడండి. 105 డిగ్రీల సెల్సియస్‌లో ఆరబెట్టిన 1 గ్రాము బూడిదను మూసలో 750 డిగ్రీల దగ్గర, బరువు నిలకడగా వచ్చేదాకా కాల్చండి. తగ్గిన బరువే సుమారు లెక్క. సున్నపు బూడిదలో కార్బొనేట్ కూడా విడిపోయి ఈ అంకెను పెంచుతుంది.

100 గ్రాముల బూడిదను లీటరు నీటిలో కలిపి కాసేపు కదపకుండా ఉంచి, పైకి తేలే తెల్లని బోలు గుళికలను తీసేయండి. మిగతాది ఫ్లోటేషన్ సెల్‌లో (గాలి బుడగలతో నురగ తేల్చే పాత్ర) పోసి, 0.2 మిల్లీలీటర్ల కిరోసిన్‌తో 5 నిమిషాలు గట్టిగా కలపండి. ఆ తర్వాతే ఒకటి రెండు చుక్కల పైన్ ఆయిల్ వేసి గాలి వదలండి. నురగలో నలుపు తగ్గేదాకా గీకి తీయండి. అడుగున ఇంకా నల్లగా ఉందంటే కార్బన్‌కు కిరోసిన్ చాల్లేదు: దాని పైపొర ఆక్సీకరణ చెందడం వల్ల మామూలు బొగ్గు కన్నా ఎక్కువ పడుతుంది. కిరోసిన్ కొద్దికొద్దిగా పెంచండి, పైన్ ఆయిల్ మాత్రం పెంచొద్దు. నురగ ఎక్కువైతే సన్నని బూడిద కూడా దాంతో కొట్టుకొస్తుంది. తీసిన నురగను మంచినీటిలో మరోసారి తేల్చండి.

ఆరిన కార్బన్‌కు గ్రాముకు 10 మిల్లీలీటర్ల చొప్పున 2 మోలార్ కాస్టిక్ సోడా (లీటరుకు 80 గ్రాములు) పోసి, స్టీలు గిన్నెలో 90 డిగ్రీల దగ్గర 2 గంటలు కలపండి. అల్యూమినియం గిన్నె వద్దు, హైడ్రోజన్ పుడుతుంది. వేడిగానే వడకట్టి, కడిగిన నీరు దాదాపు తటస్థమయ్యేదాకా కడగండి. ఈ కడుగుడులో తొందరపడితే మిగిలిన సిలికేట్ ఆసిడ్ తగలగానే జిగురుగా గడ్డకట్టి వడపోత కాగితాన్ని మూసేస్తుంది.

ఇక గాజు బీకరులో, ఫ్యూమ్ హుడ్ (ఆవిరిని బయటికి లాగేసే గూడు) కింద, అంతే పరిమాణంలో 3 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో 60 డిగ్రీల దగ్గర గంటసేపు. పలచన చేసేటప్పుడు ఆసిడ్‌నే నీటిలోకి పోయాలి. ద్రవం పసుపెక్కితే ఇనుము దిగుతున్నట్టే. కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెలుపు రాకుండా పోయేదాకా కడిగి, ఆరబెట్టి, మళ్లీ కాల్చి ఎంత బూడిద మిగిలిందో చూడండి.

ముల్లైట్ (అల్యూమినా, సిలికా కలిసిన ఖనిజం), క్వార్ట్జ్ కొంత మిగులుతాయి. వాటికోసం హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ జోలికి వెళ్లొద్దు, చర్మం మీద పడితే ప్రాణాపాయం. పాదరసం కార్బన్‌కే అంటుకుని ఉండొచ్చు కాబట్టి, పరీక్షించకుండా తాగునీటి వడపోతకు వాడకూడదు. క్షార ద్రావణంలోకి ఆర్సెనిక్, సెలీనియం దిగుతాయి, దాన్ని కాలువలో పోయకుండా విడిగా నిల్వచేసి ప్రమాదకర వ్యర్థంగా అప్పగించండి.