వాడిన పెట్రోల్ ఆర్‌సీ బోటు త్వరగా అమ్ముడుపోవాలంటే

వాడిన పెట్రోల్ ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) బోటు అమ్మకానికి పెడితే వచ్చే మొదటి ప్రశ్న, “ఇంజిన్ స్టార్ట్ అవుతుందా?” ‘రన్నింగ్ కండిషన్’ అని రాస్తే ఎవరూ నమ్మరు. కట్ లేకుండా ఒక నిమిషం వీడియో పెడితే బేరం సగం తెగినట్టే.

ముందు ప్రొపెల్లర్ విప్పేయండి. చాలా బోట్లలో క్లచ్ ఉండదు కాబట్టి ఇంజిన్‌తో పాటే అదీ తిరుగుతుంది, వేళ్లు జాగ్రత్త. బోటును స్టాండు మీద బిగించి, కూలింగ్ పైపులోకి నీళ్లు సన్నగా వదలండి. రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూపించి, చోక్ వేసి తాడు లాగండి. అంటుకున్నాక పది సెకన్లు ఐడిల్‌లో ఉంచి ఆపేయండి. థ్రాటిల్ మాత్రం ఇవ్వొద్దు, లోడ్ లేకపోతే ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) ఎగిరిపోతుంది.

తర్వాత ఫ్లెక్స్ కేబుల్ (ఇంజిన్ నుంచి ప్రొపెల్లర్‌ను తిప్పే తీగల కేబుల్) బయటికి లాగి, గ్రీజు తుడిచి, దగ్గర నుంచి ఫొటో తీయండి. ఒక్క తీగ తెగి ఉన్నా దాచకండి, తెలిసినవాళ్లు ముందు చూసేది అదే. పెట్రోల్, టూ-స్ట్రోక్ ఆయిల్ ఏ పాళ్లలో కలిపి వాడారో (నాది 25:1) కూడా రాయండి.

నెలల తరబడి ట్యాంకులో ఉన్న పాత పెట్రోల్‌తో తీస్తే ఈ వీడియో బెడిసికొడుతుంది. మంచి ఇంజిన్ కూడా కెమెరా ముందు మొరాయిస్తుంది. కొత్తగా కలిపింది పోశాకే వీడియో తీయండి.