సూక్ష్మదర్శిని కింద కాండం అడ్డుకోత ఏ మొక్కల కుటుంబానిదో తేలడం లేదా?

కోత పల్చగానే వచ్చింది, రంగూ పట్టింది. పుస్తకంలోని బొమ్మతో మాత్రం పొంతన కుదరదు. చాలామంది వెంటనే ఎర్ర రంగైన సఫ్రానిన్‌ను తిడతారు. నేను చూసినంతలో తప్పు ఎక్కువగా బ్లేడు పెట్టిన చోటే ఉంటుంది.

సమస్య: ఒకే కుటుంబపు రెండు మొక్కల కోతలు ఏమాత్రం పోలడం లేదు.

కారణం: ఒకటి లేతది, ఇంకొకటి ముదురుది. ద్వితీయ వృద్ధి (కాండం లావెక్కడం) మొదలయ్యాక విడివిడి నాళికాపుంజాల (నీరు, ఆహారం మోసే కణాల కట్టల) స్థానంలో దారువు (నీరు మోసే కణజాలం) వలయంలా పేరుకుంటుంది. లేదా కోత కణుపు మీద పడి ఉంటుంది. అక్కడ ఆకులోకి మళ్లే పుంజాలు అడ్డదిడ్డంగా కనిపిస్తాయి.

పరిష్కారం: రెండు మొక్కల్లోనూ కొన నుంచి కణుపులు లెక్కపెట్టి, రెండింటిలోనూ ఒకే లెక్కకు వచ్చే రెండు కణుపుల నడుమ కోయండి. పుంజాలు వలయంగా కాక చంద్రవంకలా ఉంటే, మీరు కోసింది ఆకు కాడేమో చూసుకోండి. నవ్వకండి, ఇది తరచూ జరిగేదే.

సమస్య: ద్విదళబీజ (విత్తనంలో రెండు బద్దలుండే) మొక్కే, అయినా దవ్వలో (కాండం నడిమి మెత్తని భాగంలో) కూడా పుంజాలున్నాయి.

ఏకదళబీజమని రాసేయకండి. ఉత్తరేణి లేత కాండంలో దవ్వ మధ్య రెండు పుంజాలు ఎదురెదురుగా ఉంటాయి. అటికమామిడిలో మధ్యన రెండు పెద్దవి, వాటి చుట్టూ చిన్నవి మరో వలయంగా ఉంటాయి. మిరియాల తీగలోనూ దవ్వలో పుంజాలుంటాయి. మొక్కజొన్నలో అయితే పుంజాలు కోతంతా చెదిరి ఉంటాయి, అంచువైపు చిన్నవిగా, దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. ఒక్కో పుంజం చుట్టూ దృఢ కణజాలపు (మందపాటి గోడల గట్టి కణాల) ఒర, లోపలివైపు ఒక చిన్న ఖాళీ ఉంటాయి. దారువుకు, పోషక కణజాలానికి (ఆహారం మోసేదానికి) మధ్య విభాజ్య కణజాలం (విభజన చెంది కొత్త కణాలనిచ్చే పొర) ఉండదు. తేడా తేల్చేది ఈ చివరి గుర్తే.

సమస్య: టమాటాలో దారువుకు లోపల కూడా పోషక కణజాలం ఉండాలంటారు, కనిపించదు.

కారణం: గుమ్మడితో పోల్చుకుని వెతకడం. గుమ్మడిలో అయిదేసి చొప్పున రెండు వరసల పుంజాలు, ప్రతిదానికీ లోపలా బయటా పోషక కణజాలం, మధ్యలో బోలు కాండం. చాలనీ నాళాలు (పోషక కణజాలంలో ఆహారం మోసే గొట్టాలు) పెద్దవి కాబట్టి తేలిగ్గా దొరుకుతాయి. టమాటాలో లోపలి పోషక కణజాలం దవ్వ అంచున చిన్న చిన్న గుంపులుగా మాత్రమే ఉంటుంది.

పరిష్కారం: ఎక్కువ పవర్ లెన్స్ పెట్టి దారువు లోపలి అంచు వెంబడే కదలండి. దవ్వలోని పెద్ద కణాల పక్కన ఇరుకిరుకుగా సర్దుకున్న చిన్న కణాలు కనిపిస్తే అవే.

సమస్య: అంతా ఎర్రగా ఉంది.

రంగు ఎక్కువైంది. ఆల్కహాల్‌తో కొద్దికొద్దిగా కడగండి. దారువు, దృఢ కణజాలం ఎర్రగా మిగిలి, మిగతాది తేలిపోగానే ఆపేయండి.

సమస్య: కాండం చతురస్రంగా ఉంటే తులసి కుటుంబమేనా?

కాదు. మూలల్లో స్థూలకోణ కణజాలం (గోడల మూలలు మందంగా ఉండే కణాలు) ఉండటం ఆ కుటుంబంలో మామూలే గానీ, నలుపలకల కాండం వేరే కుటుంబాల్లోనూ ఉంది. వల్కలంలో (బయటి పొరకూ పుంజాలకూ మధ్య భాగంలో) గాలి గదులు కనిపించినా అంతే. నీటిలో పెరగడం వల్ల ఏ కుటుంబంలోనైనా అవి రావచ్చు.