సునుంగ్ ఇంగ్లిష్ రీడింగ్ ప్రాక్టీస్‌కు ముందు జాగ్రత్తలు

కొరియాలో కాలేజీ ప్రవేశ పరీక్ష సునుంగ్‌లో ఇంగ్లిష్‌కు 70 నిమిషాలు, 45 ప్రశ్నలు. మొదటి 17 లిజనింగ్, మిగతా 28 రీడింగ్. లిజనింగ్‌కే సుమారు 25 నిమిషాలు పోతాయి. కాబట్టి టైమర్ 70కి కాదు, 45కి పెట్టుకోండి.

□ ముందు ఏ పరీక్షకో తేల్చుకోండి. స్కూలు పరీక్షలకైతే క్లాసులో చెప్పిన పాఠాలే గట్టిగా చదవాలి. సునుంగ్‌కు అలా కుదరదు. 2021 నవంబర్ పరీక్ష నుంచి ఇంగ్లిష్‌లో ఈబీఎస్ (కొరియా ప్రభుత్వ విద్యా ప్రసార సంస్థ) పుస్తకాల పాఠాలు యథాతథంగా రావడం లేదు. వాటిని బట్టీ పట్టి ధీమాగా ఉంటే అసలుకే మోసం.

□ పదాల పుస్తకం విషయంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. ఒక్కో పదానికి ఒకే కొరియన్ అర్థం రాసుకుంటారు. 'అడ్రస్' అంటే 'జుసో', అంటే చిరునామా, అంతే. పరీక్షలో అదే పదం 'సమస్యను పరిష్కరించే ప్రయత్నం' అనే అర్థంలో వస్తే వాక్యం మొత్తం తలకిందులవుతుంది. 30వ ప్రశ్న సాధారణంగా సందర్భానికి పొసగని పదాన్ని పట్టుకోమంటుంది. అందుకే పదంతో పాటు ఒక వాక్యం కూడా రాసుకోండి. రోజుకు వంద పదాల కంటే ఇలా ఇరవై నయం.

□ డిక్షనరీ యాప్ ఉన్న ఫోన్ పక్క గదిలో పెట్టండి.

□ ఖాళీలు నింపే 31 నుంచి 34 ప్రశ్నలతో మొదలుపెట్టకండి. టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

□ వీలైతే మధ్యాహ్నం భోజనం తర్వాతే కూర్చోండి. అసలు ఇంగ్లిష్ పరీక్ష 1:10కి మొదలవుతుంది, నిద్ర ముంచుకొచ్చే వేళ!