వైట్ టీ ఇంట్లో ఎలా చేసుకోవాలి? పొయ్యి మీద మరిగించకుండా, చప్పగా కాకుండా

చాయ్ అంటే మనకు పొయ్యి మీద జరిగే పని. నీళ్లు, పాలు, చాయ్‌పత్తి, చక్కెర, దంచిన అల్లం వేసి, రెండు పొంగులు వచ్చి రంగు చిక్కబడితేనే అది చాయ్. హన్మకొండ చౌరస్తాలో తాగినా, కాజీపేట స్టేషన్ బయట తాగినా ఇదే లెక్క. వైట్ టీ సంగతి దీనికి పూర్తిగా ఉల్టా. ఆకు పొయ్యి మీదికి ఎక్కకూడదు, పాలు పడకూడదు, రంగు కోసం చూడకూడదు. "ఇంత రేటు పెట్టి కొంటే ఉడుకు నీళ్ల లెక్క ఉంది" అని డబ్బా మూల పడేసేవాళ్లు చాలామంది. చాలాసార్లు ఆకులో లోపం ఉండదు. చాయ్ అలవాట్లతోనే దీన్ని కూడా చేయడం వల్ల అలా అవుతుంది.

ఇది కూడా మామూలు తేయాకు మొక్కదే. అసలు ఊరు చైనాలోని ఫూజియన్ రాష్ట్రం, ముఖ్యంగా ఫుడింగ్, జెంగ్‌హె ప్రాంతాలు. కోసిన లేత మొగ్గల్ని, ఆకుల్ని పలచగా పరిచి ఒకటి రెండు రోజులు వాడబెడతారు, తర్వాత ఆరబెడతారు. అంతే. గ్రీన్ టీ లాగా పెనం మీద వేయించడం, ఆవిరి పట్టడం ఉండదు. మన చాయ్‌పత్తిలాగా యంత్రంలో నలిపి గుండ్రటి పలుకులు చేయడం అసలే ఉండదు. ఆకు నలగలేదు కాబట్టి అందులోని రుచి నీళ్లలోకి మెల్లగా దిగుతుంది. కొలత, వేడి, సమయం అన్నీ ఈ ఒక్క విషయం మీదే ఆధారపడతాయి.

ఏది కొనాలి

వట్టి మొగ్గలతో చేసినదాన్ని సిల్వర్ నీడిల్ అంటారు. సన్నగా, పొడుగ్గా, వెండి రంగు నూగుతో ఉంటుంది. మొగ్గతో పాటు ఒకటి రెండు ఆకులు కలిస్తే వైట్ పియొనీ. ఇంకాస్త ముదురు ఆకులతో చేసేది షౌ మెయి. మన దేశంలో డార్జిలింగ్, నీలగిరి తోటలు కూడా వైట్ టీ చేస్తున్నాయి. మొదటిసారి కొనేవాళ్లకు నా సలహా వైట్ పియొనీ. ధర తక్కువ, రుచి కాస్త గట్టిగా తెలుస్తుంది, చిన్న చిన్న తప్పులకు పాడైపోదు. సిల్వర్ నీడిల్ మరీ సున్నితం, పాలచాయ్‌కి అలవాటు పడిన నాలుకకు మొదట్లో ఏమీ తెలియదు. వైట్ టీ పేరుతో అమ్మే టీ బ్యాగుల జోలికి పోకండి. వాటిలో ఎక్కువగా ఉండేది విరిగిన ఆకు, పైన మల్లె వాసనో పీచ్ వాసనో పూసి ఉంటుంది. కొద్దిగా కొనండి, 25 గ్రాములు చాలు. అంతలోనే పది కప్పులు వస్తాయి.

నీళ్లు

పాలచాయ్‌లో నీళ్ల తేడా పాలు, అల్లం, చక్కెర కింద కప్పబడిపోతుంది. వైట్ టీలో దాచడానికి ఏమీ లేదు. మన వైపు చాలాచోట్ల బోరు నీళ్లు కఠినంగా ఉంటాయి. గిన్నె అడుగున తెల్లటి పొర కడుతోందంటే ఆ నీళ్లు దీనికి పనికిరావు. కప్పు మీద సన్నటి తెట్టు తేలుతుంది, వాసన చచ్చిపోతుంది. నల్లా నీళ్లు వచ్చే ఇళ్లలో వాటిని వడపోసి వాడుకోవచ్చు. క్లోరిన్ వాసన వస్తే పాత్రలో పోసి మూత లేకుండా కాసేపు ఉంచి, ఆ తర్వాత కాచండి.

ఆర్వో నీళ్లు మంచివే కదా అంటారు. అవి మరీ ఎక్కువ వడపోత అయితే ఖనిజాలన్నీ పోయి టీ చప్పగా వస్తుంది. నీళ్ల ప్లాంటు క్యాన్‌తో ఒక కప్పు, కాచిన నల్లా నీళ్లతో ఒక కప్పు పక్కపక్కన చేసి చూడండి. ఏది నచ్చితే అది, లేదా రెండూ సగం సగం. బోరు నీళ్లు తప్ప వేరే దారి లేనివాళ్లు వాటిని ఐదు నిమిషాలు బాగా మరగనిచ్చి, చల్లార్చి, పైన తేటను మాత్రమే వంచుకోవాలి. కఠినత్వం కొంత సున్నపు పొరగా అడుగున దిగిపోతుంది.

కొలత

అందరూ తడబడేది ఇక్కడే. చాయ్‌పత్తి ఒక చిన్న చెంచా వేస్తే దాదాపు రెండున్నర గ్రాములు. వైట్ టీ దూదిలా తేలిక, అదే చెంచాలో అర గ్రాము కూడా పట్టకపోవచ్చు. 200 మిల్లీలీటర్ల కప్పుకు రెండున్నర గ్రాములు కావాలి. సిల్వర్ నీడిల్ అయితే దాదాపు రెండు పెద్ద చెంచాలు, వైట్ పియొనీ అయితే వదులుగా ఒక చిన్న గుప్పెడు. చూస్తే ఎక్కువ అనిపిస్తుంది, కంగారు పడకండి. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న డిజిటల్ కాటా ఉంటే ఇంకా మంచిది.

వేడి

వరంగల్ సముద్ర మట్టానికి దాదాపు 270 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్లు 99 డిగ్రీల దగ్గర మరుగుతాయి. సిల్వర్ నీడిల్‌కు 80 నుంచి 85 డిగ్రీలు, వైట్ పియొనీకి 85 నుంచి 90 చాలు. షౌ మెయి మరిగే నీళ్లను కూడా తట్టుకుంటుంది.

థర్మామీటర్ అక్కర్లేదు. మరిగే నీళ్లు నాలుగు వంతులు, మామూలు తాగే నీళ్లు ఒక వంతు కలపండి. మామూలు నీళ్లు 30 డిగ్రీలు ఉంటే కలిపాక సరిగ్గా 85 దగ్గరికి వస్తాయి. ఒక కప్పుకైతే 160 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు, 40 మిల్లీలీటర్ల చల్లనీళ్లు. వైట్ పియొనీకి ఆరు వంతులకు ఒక వంతు కలిపితే 89 అవుతుంది. మే నెలలో మామూలు నీళ్లే 40 డిగ్రీలు ఉన్నా తేడా రెండు డిగ్రీలే, పట్టించుకోనక్కర్లేదు. ముందు నీళ్లు కలిపి, ఆ తర్వాతే ఆకు మీద పోయాలి. ఆకు మీద మరిగే నీళ్లు పోసి తర్వాత చల్లనీళ్లు కలిపితే లాభం లేదు.

నానబెట్టడం

రోజూ చాయ్ కాచే గిన్నె వద్దు, ఎంత తోమినా పాలు, అల్లం వాసన పోదు. గాజు గ్లాసో, పింగాణీ మగ్గో, లేదా పాలు తగలని స్టీలు గిన్నెనో తీసుకోండి. ముందుగా వేడినీళ్లతో కడిగి ఆ నీళ్లు పారబోయండి, చల్లటి పాత్ర వేడిని లాగేసుకుంటుంది. ఆకు వేసి, నీళ్లు పోసి, మూత పెట్టండి. నాలుగు నిమిషాలు. మూడో నిమిషంలో ఒక చెంచాతో రుచి చూడండి. సరిపోయిందనిపిస్తే అప్పుడే చాయ్ జాలితో పూర్తిగా వంపేయండి. ఆకు నీళ్లలోనే ఉండిపోతే చివరి గుక్క వగరుగా మారుతుంది.

రంగు చూసి టెన్షన్ పడొద్దు. లేత గడ్డి రంగు వస్తే అదే పూర్తి రంగు. ఇంకా రాలేదని పావుగంట ఉంచితే కాస్త రంగు వస్తుంది, దానితో పాటు చేదూ వస్తుంది. కప్పులో సన్నటి దుమ్ములాంటిది తేలితే పారబోయకండి, అది మొగ్గల మీది నూగు.

అదే ఆకును ఇంకో రెండుసార్లు వాడుకోవచ్చు. రెండోసారి ఐదు నిమిషాలు, మూడోసారి ఏడెనిమిది. నా మటుకు రెండో కప్పే బాగుంటుంది, అప్పటికి ఆకు పూర్తిగా విచ్చుకుని ఉంటుంది. మూడూ అదే పూట కానివ్వండి. మన వేడికి తడి ఆకు రాత్రంతా ఉంచితే పులుస్తుంది.

చక్కెర, తేనె, నిమ్మకాయ ఏదీ వద్దు, వేస్తే వాటి రుచే మిగులుతుంది. సకినాలు, సర్వపిండి లాంటివి పాలచాయ్‌కే వదిలేయండి. నువ్వులు, వాము, కారం ముందు ఇది నిలబడదు.

వైట్ టీలో కెఫీన్ ఉండదనే మాట నమ్మొద్దు. లేత మొగ్గల్లో కెఫీన్ బాగానే ఉంటుంది, నిద్ర పట్టని వాళ్లు సాయంత్రం తర్వాత మానుకోవాలి. రక్తహీనత ఉన్నవాళ్లు భోజనంతో పాటు కాకుండా గంట ఎడంగా తాగాలి. ఏ టీ అయినా అన్నం, కూరల్లోని ఇనుమును ఒంటికి పట్టకుండా కొంత అడ్డుకుంటుంది.

దాచడం

గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా, వెలుతురు తగలని చోటు. పోపుల డబ్బాకు, ముఖ్యంగా కారం, పసుపుకు దూరంగా పెట్టాలి. ఏనుమాముల మార్కెట్ నుంచి ఏడాది మిరపకాయలు తెచ్చి నింపుకునే ఇళ్లలో వంటగది బయట గదే మేలు. ఈ ఆకు చుట్టూ ఉన్న వాసనల్ని ఇట్టే పీల్చేస్తుంది. ఫ్రిజ్ వద్దు. తీసి పెడుతుంటే ఆకుకు చెమ్మ పడుతుంది.

ఎండాకాలంలో

రోహిణి కార్తెలో వేడి కప్పు ఎవరికీ సయించదు. అప్పుడు పొయ్యే అక్కర్లేదు. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఎనిమిది గ్రాముల ఆకు వేసి, మూత పెట్టి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి. బయట పెట్టొద్దు, మన ఉక్కకు పాడవుతుంది. ఎనిమిది గంటల తర్వాత వడకడితే వగరు దాదాపు లేకుండా, తియ్యటి వాసనతో ఉంటుంది. ఫ్రిజ్‌లోనే ఉంచి ఆ రోజే తాగేయాలి. తాటి ముంజలు దొరికే రోజుల్లో వాటితో కలిపి తీసుకుని చూడండి. రెండూ మెత్తటి రుచులే, ఒకదాన్నొకటి మింగేయవు.