షేర్డ్ హోస్టింగా, వీపీఎస్సా: మారే ముందు కొలవవలసినవి

సైటు నెమ్మదించిందని ఎవరికి చెప్పినా వెంటనే వచ్చే సలహా "వీపీఎస్‌కు మారిపోండి" అన్నదే. వీపీఎస్ (వర్చువల్ ప్రైవేట్ సర్వరు) అంటే ఒక పెద్ద యంత్రంలో కొంత మెమరీ, ప్రాసెసరు మనకు విడిగా కేటాయించే అద్దె సర్వరు. అలా మారడం కొన్నిసార్లు సరైన సలహాయే. అయితే ఇప్పుడున్న చోట ఏ హద్దు నిండిందో చూసుకోకుండా మారితే, అదే నెమ్మదితనం ఎక్కువ అద్దెతో కొత్త సర్వరులోకి వచ్చి కూర్చుంటుంది. ఉదాహరణకు వర్డ్‌ప్రెస్‌తో నడిచే ఒక జిల్లా వార్తల సైటును తీసుకుందాం. మామూలు రోజుల్లో దానికి పాఠకులు కొద్దిమందే, కానీ పదో తరగతి ఫలితాల రోజున మాత్రం గంటసేపు తాకిడి తట్టుకోలేనంతగా ఉంటుంది.

షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వరు మీద చాలా ఖాతాలు నడుస్తాయి. ఒకరి సైటు మిగతావారిని ముంచెత్తకుండా, క్లౌడ్‌లినక్స్ వంటి వ్యవస్థ ప్రతి ఖాతాకూ ప్రాసెసరు వాడకం, మెమరీ, డిస్కు వేగం, ఒకేసారి నడిచే పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ పేజీలను తయారుచేసే ప్రోగ్రాము భాష) రిక్వెస్టుల సంఖ్య ఇంతకు మించరాదని హద్దు పెడుతుంది. ప్రకటనలో కనిపించే "అన్‌లిమిటెడ్" అనే మాట సాధారణంగా డిస్కు స్థలానికీ బ్యాండ్‌విడ్త్‌కూ చెందినదే తప్ప ఈ హద్దులకు వర్తించదు. ఫైళ్ల సంఖ్యకు కూడా ఐనోడ్ల పేరుతో ఒక హద్దు ఉంటుంది. వర్డ్‌ప్రెస్ ఒక్కో ఫొటోను అనేక పరిమాణాల్లో దాస్తుంది కనుక, వార్తల సైటుకు స్థలం మిగిలి ఉండగానే ఐనోడ్లు నిండిపోవచ్చు.

కాబట్టి మొదట చేయవలసిన పని, సీప్యానెల్‌లో (హోస్టింగ్ ఖాతాను నడిపే కంట్రోల్ ప్యానెల్) రిసోర్స్ యూసేజ్ అనే పేజీ తెరిచి గడచిన నెల రోజుల రేఖలను చూడటం. అక్కడ ఎంట్రీ ప్రాసెస్‌ల హద్దు 20 అని ఉంటే, ఏ క్షణానైనా 20 పీహెచ్‌పీ రిక్వెస్టులు మాత్రమే నడుస్తాయి, ఆపై వచ్చినవారికి 508 అనే ఎర్రరు కనిపిస్తుంది. దీన్ని చాలామంది "ఒకేసారి 20 మంది పాఠకులే రాగలరు" అని అర్థం చేసుకుంటారు, అది పొరపాటు. ఒక్కో పేజీ తయారు కావడానికి అర సెకను పడితే అదే 20 హద్దులో సెకనుకు 40 పేజీలు ఇవ్వవచ్చు. నాలుగు సెకన్లు పడితే సెకనుకు 5 మాత్రమే వెళ్తాయి. అంటే హద్దు మారకుండానే సైటు సామర్థ్యం ఎనిమిది రెట్లు తేడాగా ఉండగలదు. పేజీ క్యాషింగ్ సరిగ్గా అమర్చితే సర్వరు సిద్ధంగా ఉన్న పేజీనే అందిస్తుంది గనుక, చాలా రిక్వెస్టులకు పీహెచ్‌పీతో పనే పడదు. వార్త అందరికీ ఒకేలా కనిపించే పేజీ కాబట్టి ఇలాంటి సైటు చాలాకాలం షేర్డ్‌లోనే హాయిగా నడుస్తుంది.

క్యాషింగ్ పనికిరాని సైట్లు వేరు. లాగిన్ అయిన విద్యార్థికి ఆన్‌లైన్ పరీక్ష పెట్టే సైటు, పుట్టిన సమయం ఇస్తే జాతకచక్రం వేసి చూపే సైటు, కొనుగోలు బుట్ట ఉన్న దుకాణం, ఇవన్నీ ప్రతి మనిషికీ వేరు పేజీ తయారు చేయాలి. ఎప్పుడూ నడుస్తూ ఉండే నోడ్ (జావాస్క్రిప్ట్) ప్రోగ్రాము, బ్రౌజరుతో సంబంధం తెగకుండా ఉంచే వెబ్‌సాకెట్లు, సమాచారాన్ని మెమరీలో దాచే సొంత రెడిస్ వంటివి కావలసినవారికి కూడా చాలా షేర్డ్ ప్లాన్లలో దారి ఉండదు. ఇటువంటి అవసరం ఉంటే వాయిదా వేయకుండా వీపీఎస్ తీసుకోవడమే మంచిది.

వీపీఎస్ తీసుకున్నంత మాత్రాన వేగం పెరగదని కూడా లెక్క వేసి చూసుకోవాలి. 2 జీబీ మెమరీ ఉన్న వీపీఎస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌కూ డేటాబేసుకూ కలిపి 800 ఎంబీ వదిలేస్తే దాదాపు 1200 మిగులుతుంది. ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ 60 ఎంబీ తీసుకుంటుందనుకుంటే, ఒకేసారి నడవగలిగేవి ఇక్కడా 20 మాత్రమే. ఈ లెక్క చూసుకోకుండా పీహెచ్‌పీ సెట్టింగులలో మ్యాక్స్ చిల్డ్రన్ (ఒకేసారి నడవగల ప్రాసెస్‌ల గరిష్ఠ సంఖ్య) విలువను 50కి పెంచితే, తాకిడి పెరిగిన రోజున మెమరీ అయిపోయి లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ఏదో ఒక ప్రాసెస్‌ను చంపుతుంది, చాలాసార్లు బలయ్యేది డేటాబేసే. ఒక చిన్న పత్రిక సైటుకు నేనే ఈ పొరపాటు చేసి, అర్ధరాత్రి డేటాబేసును మళ్లీ లేపవలసి వచ్చింది.

వీపీఎస్‌లో అద్దెకన్నా బరువైనది కాపలా. అన్‌మేనేజ్డ్ అని రాసి ఉంటే ఆ పని మొత్తం మీదే. పాస్‌వర్డుతో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వరును నడిపే దారి) లాగిన్ ఆపేసి కీ ఫైలుతో మాత్రమే రానివ్వాలి, ఫైర్‌వాల్‌లో అవసరమైన పోర్టులు మాత్రమే తెరవాలి, భద్రతా సవరణలు వాటంతట అవే పడేలా అమర్చాలి, 90 రోజులకు ముగిసే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్టు సమయానికి మారుతున్నదో లేదో గమనించాలి. బ్యాకప్‌ను అదే సర్వరులో దాచితే అది బ్యాకప్ కాదు. మెయిల్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి: చాలా సంస్థలు వీపీఎస్‌లో మెయిల్ పంపే 25వ పోర్టును మూసి ఉంచుతాయి, తెరిచినా పంపినది మీరేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, రివర్స్ డీఎన్‌ఎస్ సరిగా లేకపోతే మీ ఉత్తరాలు స్పామ్‌లో పడతాయి. మెయిల్‌ను వేరే సేవకు అప్పగించి సైటును మాత్రమే వీపీఎస్‌లో పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. ఈ పనులకు వారానికి ఒక గంట కేటాయించగల మనిషి లేకపోతే మేనేజ్డ్ వీపీఎస్ తీసుకోండి, లేదా షేర్డ్‌లోనే పై ప్లానుకు వెళ్లండి.

కొనేటప్పుడు కేవీఎం (లినక్స్ వర్చువలైజేషన్ పద్ధతి) ఆధారిత వీపీఎస్‌నే అడగండి, దానికి సొంత కెర్నల్ ఉంటుంది. తీసుకున్న వారం రోజుల్లో టాప్ అనే కమాండులో ఎస్‌టీ అని కనిపించే అంకెను గమనిస్తే, అదే యంత్రం మీద ఉన్న పొరుగువారు మీ ప్రాసెసరు సమయాన్ని ఎంత లాగేస్తున్నారో తెలుస్తుంది. అది తరచు పది శాతానికి మించితే వేరే సంస్థను చూసుకోవడమే నయం. ధర విషయంలో మొదటి ఏడాది రేటుతో మోసపోకుండా రెన్యువల్ రేటును చూసి, దానికి 18 శాతం జీఎస్టీ కలిపి, సీప్యానెల్ లైసెన్సు విడిగా కొనాలంటే అదీ కలిపి పోల్చాలి. భారతదేశంలో వీపీఎస్ ఇచ్చే సంస్థలు పేరు, చిరునామా, ఫోన్ నంబరు ధృవీకరణ అడగడం వింతేమీ కాదు. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం ఆ వివరాలను సేవ ముగిసిన తరువాత కూడా అయిదేళ్లు భద్రపరచాలి. పాఠకులు ఎక్కువగా రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉంటే ముంబయి, హైదరాబాదు, బెంగళూరు డేటా సెంటర్లలో ఒకటి ఎంచుకోండి. అమెరికాలోని పాఠకుల కోసం సీడీఎన్ (పేజీల నకళ్లను పాఠకుడికి దగ్గరి సర్వర్ల నుంచి ఇచ్చే సేవ) చాలు.

మారాలని నిశ్చయించుకుంటే, ఒకరోజు ముందే డీఎన్‌ఎస్‌లో (డొమైన్ పేరును సర్వరు ఐపీ చిరునామాకు కలిపే పట్టిక) టీటీఎల్ (పాత చిరునామాను ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే) విలువను 300 సెకన్లకు తగ్గించండి. ఫైళ్లు, డేటాబేసు కాపీ చేశాక, డొమైన్‌ను మార్చకముందే మీ కంప్యూటరులోని హోస్ట్స్ ఫైలులో కొత్త ఐపీ రాసి సైటును మీరొక్కరే తెరిచి చూసుకోవచ్చు. మార్పు జరుగుతున్న గంటల్లో కొత్త వార్తలు వేయకండి, లేకపోతే కొన్ని పాత డేటాబేసులోనే ఉండిపోతాయి. మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఎమ్‌ఎక్స్ రికార్డు ఇంకా పాత ఖాతాను చూపుతున్నదేమో సరిచూసి, అందులోని మెయిళ్లు దింపుకున్న తరువాతే ఆ ఖాతాను రద్దు చేయండి.