బ్రేక్ పట్టని బండి, ఊగే హ్యాండిల్: 100-125 సీసీ బైకుల సమస్యలు, పరిష్కారాలు

వెనక డ్రమ్ బ్రేక్ ఉండే రోజువారీ బైకుల గురించే ఇదంతా. బండి తేడా చేస్తే మొదట చూడాల్సింది టైర్లలో గాలి. పైసా ఖర్చు లేదు, సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. ఈ తరగతి బండ్లలో చాలావాటికి ఒక్కరే నడిపితే ముందు 25, వెనక 28 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఉంటుంది. వెనక మనిషి ఎక్కితే వెనక టైరుకు ఇంకా ఎక్కువ కావాలి, కొన్నింటికి 41 దాకా. మీ బండి లెక్క చైన్ కవర్ మీదో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కమ్మీ) మీదో స్టిక్కర్‌లో ఉంటుంది. పంక్చర్ షాపులో రెండు టైర్లకూ ఒకేలా "నలభై కొట్టేశా" అంటే ఒప్పుకోకండి. ముందు టైరు గట్టిపడితే వాన రోడ్డు మీద పట్టు ఉండదు.

సమస్య: వెనక బ్రేక్ పెడల్ చాలా కిందికి దిగితే గానీ బండి ఆగదు

మామూలుగా మెకానిక్ చేసే పని వెనక రాడ్ నట్టు నాలుగు చుట్లు బిగించడం. పెడల్ పైకొస్తుంది, మనమూ సంతోషంగా వచ్చేస్తాం. కానీ బ్రేక్ షూ (డ్రమ్ లోపల రాసుకొని చక్రాన్ని ఆపే ముక్క) ఎంత మిగిలిందో ఆ నట్టు చెప్పదు. చెప్పేది చక్రం పక్కన, బ్రేక్ ఆర్మ్ దగ్గరున్న చిన్న బాణం గుర్తు. పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకొని ఆ బాణం చూడండి. డ్రమ్ ప్లేటు మీది గుర్తుకు ఎదురుగా వచ్చిందంటే షూ అయిపోయింది. ఇక బిగించొద్దు, మార్చండి.

కొందరు ఆర్మ్‌ను ఊడదీసి ఒక పల్లు వెనక్కి తిప్పి మళ్లీ వేస్తారు. ఇది బిగించడం కంటే ప్రమాదం. బాణం ఆర్మ్ మీదే ఉంటే అదీ దాంతోపాటే జరుగుతుంది కాబట్టి అరుగుదల కనపడదు. లోపలి క్యామ్ (షూలను తోసే ఇరుసు) తిరగాల్సిన దానికన్నా ఎక్కువ తిరిగి షూలను విప్పిన చోటే ఆగిపోవచ్చు. అంటే చక్రం పట్టేసి వదలదు. ఆర్మ్, రాడ్ మధ్య కోణం బ్రేక్ వేసినప్పుడు 90 డిగ్రీలు దాటిపోతోందా అన్నది కూడా గమనించండి. దాటితే ఎంత తొక్కినా బలం చేరదు.

కొత్త షూ వేశాక పెడల్ 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఖాళీగా దిగాలి, ముందు డ్రమ్ అయితే లివర్ చివర 10 నుంచి 20. సెంటర్ స్టాండ్ వేసి చక్రాన్ని చేత్తో తిప్పండి. సన్నగా రాసుకున్న శబ్దం రావచ్చు, చక్రం మాత్రం ఆగకూడదు. కొత్త షూ మొదటి వంద, రెండొందల కిలోమీటర్లు పూర్తిగా పట్టదు. ఆ రోజుల్లో ముందు బండికి దూరం ఎక్కువ పెట్టండి. కొత్త షూ వేసినా పట్టు రాకపోతే డ్రమ్ లోపలి వ్యాసం కొలిపించండి. 130 మిల్లీమీటర్ల డ్రమ్ 131 దాటితే హబ్బే (చక్రం మధ్య డ్రమ్ ఉండే భాగం) మార్చాలి.

ఇంకో మాట. డ్రమ్ ప్లేటును స్వింగ్ ఆర్మ్‌కు పట్టి ఉంచే టార్క్ రాడ్ బోల్టు, దానికున్న కాటర్ పిన్ చూడకుండా పంక్చర్ షాపు నుంచి కదలొద్దు. చక్రం విప్పిన ప్రతిసారీ విప్పేది అదే, మరిచిపోయేదీ అదే. ఆ బోల్టు ఊడితే బ్రేక్ వేసిన క్షణంలో ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోతుంది.

సమస్య: చైన్ బిగించిన మర్నాడు నుంచి బండి లాగినట్టుంది, వెనక హబ్ కాలుతోంది

బ్రేక్ పాడవలేదు. చైన్ బిగించడానికి చక్రాన్ని వెనక్కి లాగారు, దాంతో బ్రేక్ రాడ్ కూడా లాగుకుంది. చైన్ తర్వాత బ్రేక్ నట్టు వదులు చేసి ఖాళీ మళ్లీ సరిచేయాలి. బ్రేక్ లైట్ ఆరకుండా వెలుగుతుంటే స్విచ్ బాడీని కదలకుండా పట్టుకొని దాని నట్టు మాత్రమే తిప్పండి. బాడీ తిప్పితే వైర్లు తెగుతాయి.

చైన్ వదులు కింది వరస మధ్యలో 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి. ఒకచోట బిగుతు, ఒకచోట వదులు అంటే చైన్, రెండు స్ప్రాకెట్లూ (చైన్ తిరిగే పళ్ల చక్రాలు) కలిపి సెట్‌గా మార్చే సమయం వచ్చినట్టే. రెండు వైపులా అడ్జస్టర్ గీతలు ఒకే అంకె దగ్గర లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది.

సమస్య: వాటర్ సర్వీసింగ్ చేయించాక బ్రేక్ జారుతోంది

తడి వల్ల అయితే రెండు మూడు సార్లు మెల్లగా బ్రేక్ వేస్తూ కాస్త దూరం నడిపితే తగ్గిపోతుంది. తగ్గకపోతే ఇంజిన్ మీద కొట్టిన డీజిలో, టైరు నల్లగా మెరవడానికి పూసిన పాలిషో డ్రమ్‌లోకి, డిస్క్ మీదికి చేరింది. డిస్క్‌ను బ్రేక్ క్లీనర్‌తో తుడవచ్చు. నూనె పీల్చుకున్న షూ, ప్యాడ్ మాత్రం మార్చాల్సిందే. పెట్రోల్‌తో కడిగినా వేడెక్కగానే నూనె మళ్లీ పైకొస్తుంది. సర్వీసింగ్ కుర్రాడికి ముందే చెప్పండి: "టైర్లకు పాలిష్ వద్దు తమ్ముడూ, చక్రాల దగ్గర డీజిల్ కొట్టకు."

డిస్క్ లివర్ మెత్తగా, స్పంజిలా ఉంటే పైపులో గాలి చేరింది, బ్లీడింగ్ చేయించి దాన్ని తీయించాలి. బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గితే పైన పోసేసి ఊరుకోవద్దు. లీకు లేకుండా తగ్గిందంటే ప్యాడ్లు అరిగాయి.

సమస్య: 60 దాటితే హ్యాండిల్ ఊగుతోంది

ఊగుతున్న క్షణంలో ముందు బ్రేక్ గట్టిగా నొక్కకండి, హ్యాండిల్‌తో కుస్తీ పట్టకండి. రెండు చేతులతో పట్టుకొని యాక్సిలరేటర్ మెల్లగా వదలండి, ఒళ్లు కాస్త ముందుకు వంచండి.

కారణం వెతకడం సామాను దించడంతో మొదలుపెట్టండి. పాల క్యాన్లు గానీ గ్యాస్ బండ గానీ వెనక ఇరుసుకు అవతల వేలాడితే ముందు చక్రం తేలికైపోతుంది, ఏ రిపేరూ దాన్ని సరిచేయదు. ఖాళీ బండి కూడా ఊగితే, గాలి సరిగ్గా ఉంటే, ఇక తనిఖీ:

సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఎవరినైనా నొక్కమని ముందు చక్రం పైకి లేపండి. ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టే రెండు గొట్టాలు) కింది భాగం రెండు చేతులతో పట్టుకొని ముందుకూ వెనక్కూ ఊపండి. కటకటమంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు) వదులైంది, బిగిస్తే చాలు. ఇప్పుడు హ్యాండిల్‌ను అటూ ఇటూ నెమ్మదిగా తిప్పండి. నిటారుగా ఉన్న చోట గాడిలో పడ్డట్టు ఆగితే లోపల బాల్స్ గుంటలు చేశాయి. ఇక బిగింపుతో పని లేదు, బిగిస్తే బండి మలుపుల్లో ఇంకా మొండికేస్తుంది. సెట్ మార్చాలి.

ఫోర్కుకు ఆనించి ఒక పెన్ను పట్టుకొని చక్రం తిప్పండి. రిమ్ పక్కలకు 2 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ కదిలితే స్పోకులు సరిచేయించాలి. అల్లాయ్ వంగితే కొట్టి సాపు చేయించడం కన్నా మార్చడమే మేలు. చివరగా వెనక చక్రాన్ని అడ్డంగా ఊపి, స్వింగ్ ఆర్మ్ మొత్తం కదులుతోందేమో చూడండి. అలా కదిలితే బుష్షులు పోయాయి.

సమస్య: ముందు బ్రేక్ వేస్తే జారిపడతామని భయం

బండి ఆగేటప్పుడు బరువు ముందుకొస్తుంది, కాబట్టి ఎక్కువ ఆపేది ముందు చక్రమే. వెనక ఒక్కటే తొక్కితే అది పట్టేసి పక్కకు జారుతుంది. పడేది ముందు బ్రేక్ వేసినందుకు కాదు, ఒక్కసారిగా లాగినందుకు, లేదా హ్యాండిల్ తిరిగి ఉండగా లాగినందుకు. ఖాళీ మైదానంలో 30 వేగంతో, వెనక పెడల్ తొక్కుతూ ముందు లివర్‌ను నెమ్మదిగా పిండడం అలవాటు చేసుకోండి. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, మొక్కజొన్న, నాట్ల రోజుల్లో ట్రాక్టరు చక్రాలు తెచ్చే బురద, ఇసుక ఉన్నచోట వేగం ముందే తగ్గించండి. దాని మీదికి ఎక్కాక ముందు బ్రేక్ ముట్టొద్దు.

సమస్య: రాత్రి ఎదుటివాళ్లు లైటు కొడుతున్నారు, మనకు మాత్రం దారి కనపడదు

లైటు పైకి తిరిగి ఉంది. గోడకు 5 మీటర్ల దూరంలో, సీటు మీద మనిషి కూర్చుని ఉండగా చూడండి. డిమ్ వెలుగు పై అంచు హెడ్‌లైట్ ఎత్తు కన్నా కాస్త కిందే పడాలి. 35 వాట్ల హోల్డర్‌లో 90, 100 వాట్ల బల్బు పెడితే హోల్డర్ కరిగిపోతుంది.

సమస్య: హెల్మెట్ నుదుటిని నొక్కుతోంది, లేదా గాలికి పైకి లేస్తోంది

నుదుటి మీద ఒకే చోట నొక్కితే తల ఆకారానికి సరిపోలేదు, వేరే మోడల్ చూడండి. కనుబొమలకు పైన టేపు చుట్టి సెంటీమీటర్లలో కొలిచి ఆ సైజే అడగండి. స్ట్రాప్ పెట్టుకొని వెనక అంచు పట్టుకొని ముందుకు లాగండి. ఊడి వచ్చిందంటే అది మీది కాదు. స్ట్రాప్ కింద రెండు వేళ్లకు మించి ఖాళీ వద్దు. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని బైక్ హెల్మెట్ అమ్మడమే నేరం. గుర్తుతో పాటు ఐఎస్ 4151 అన్న అంకె, సీఎం/ఎల్ లైసెన్స్ నంబరు ఉన్నాయో చూడండి. గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా లోపలి థర్మోకోల్ నలిగి ఉంటుంది, మార్చండి. అద్దానికి తగిలించే అలవాటు వల్ల కూడా అదే థర్మోకోల్‌లో గుంట పడుతుంది.

సమస్య: వెనక కూర్చున్నవాళ్ల చీర, చున్నీ చక్రం వైపు పోతోంది

అందం కోసం శారీ గార్డ్ తీసేసి ఉంటే మళ్లీ బిగించండి. వెనక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ, పట్టుకునే పిడి, ఫుట్‌రెస్ట్ ఉండాలని మోటారు వాహనాల నిబంధన 123 చెబుతుంది. గార్డ్ ఉన్నా కొంగు, చున్నీ ముడేసి ఒడిలో పెట్టుకోవాలి. నాలుగేళ్లలోపు పిల్లలను ఎక్కిస్తే వాళ్లకు నడిపేవారితో కలిపి కట్టే బెల్టు, తొమ్మిది నెలలు నిండితే హెల్మెట్ కూడా ఉండాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. పిల్లల గురించిన ఈ నిబంధన 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది.